పైన ఎవరూ ఉండరు

"పైన ఎవరూ ఉండరండీ. ఊరికే ఖాళీ గది," అన్నారు మా ఆయన హాల్లోంచి.

నేను వంటింట్లో టీ వడపోస్తున్నాను. ఆ మాట చెవిన పడేసరికి గిన్నె వంచిన చెయ్యి వంచినట్టే ఉండిపోయింది. గ్లాసు నిండింది, పొంగింది, గట్టు మీద టీ కాలవ కట్టింది. ఆయన మాట్లాడుతున్నది ఇంటి పైకప్పు మార్చడానికి పిలిపించిన రేకులాయనతో. "కింద సరేనండీ, పైన గదిలో ఎవరైనా ఉంటారా?" అని అడిగాడు పాపం. అడగవలసిన ప్రశ్నే అడిగాడు. చెప్పవలసిన మనిషి వంటింట్లో ఉంది, చెప్పిన మనిషి సోఫాలో ఉన్నారు.

ఎవరూ ఉండరట! మరి రోజూ పొద్దున్న వంట ముగించి, గిన్నెలు బోర్లించి, కొంగుకి చెయ్యి తుడుచుకుంటూ ఆ చెక్కమెట్లు ఎక్కి, మా అమ్మాయి చిట్టి బడినుంచి వచ్చేదాకా ఆ గదిలో కూచునేది ఎవరు? దయ్యమా? దయ్యమే అయితే ఇంతకాలానికి ఒక్కసారైనా భయపడి ఉండేవాళ్ళు కదా, ఆ మర్యాద కూడా దక్కలేదు నాకు.

నేను చదువుతాను. అదే నా ఉద్యోగం. చూపు లేని పిల్లల బడి ఒకటుంది. వాళ్ళు పాఠ్యపుస్తకాలు పంపుతారు, నేను వాటిని పైకి చదివి రికార్డు చేసి పంపుతాను. "చదివితే డబ్బులిస్తారా! మేమూ చదివేవాళ్ళం కదా చిన్నప్పుడు, ఎవరూ పైసా ఇవ్వలేదే," అంటుంది కలెక్టరు వదిన. ఆవిడ మా ఆయన అక్క. కలెక్టరు కాదు, ఇల్లాలే. కానీ ఎక్కడున్నా అక్కడ జిల్లా అంతా తన కింద ఉన్నట్టే మాట్లాడుతుంది కాబట్టి ఆ పేరు. వినడానికి తేలికపనే. కానీ పుస్తకంలో "పక్క పటాన్ని చూడుము" అని ఉంటుంది చూడండి, అక్కడ నేను ఆగాలి. ఆ పటాన్ని మాటల్లో గియ్యాలి. కొండ ఎటుందో, నది ఎటు తిరిగిందో, బాణం గుర్తు ఎటు చూపిస్తోందో, వినే పిల్లకి అరచేతిలో వేలితో గీసినట్టు చెప్పాలి. పేజీ తిప్పిన చప్పుడు రాకూడదు. గుక్క తిప్పుకున్న చప్పుడు రాకూడదు. గొంతులో విసుగు అసలే రాకూడదు. పొద్దున్న ఇంట్లో ఎన్ని జరిగినా సరే, "నమస్తే పిల్లలూ" అన్నప్పుడు అది నమస్తేలాగే ఉండాలి.

ఆ గది నాకు ఎవరూ ఇవ్వలేదు. పాత మంచాలు, విరిగిన ఫ్యాను, మామగారి గొడుగులు అన్నీ ఒక మూలకి నెట్టి నేనే ఖాళీ చేసుకున్నాను. మా ఆయన సాయం చెయ్యలేదని అంటే కళ్ళు పోతాయి. ఎక్కడో విని, నెలల తరబడి గుడ్ల అట్టలు పోగుచేసి, గోడలకి వరసగా అంటించారు, బయటి చప్పుడు లోపలికి రాకుండా. మనిషి తాటిచెట్టంత పొడుగు. ఆ అట్టలు అంటిస్తూ వాసానికి తల కొట్టుకుని, "నీ గదికి నేనంటే పగ!" అని నెత్తి రుద్దుకుంటూ దిగారు. మళ్ళీ పైకి ఎక్కలేదు. నాకు గొంతు బొంగురుపోతే మాత్రం అడక్కుండానే పుదీనా బిళ్ళలు తెచ్చి బల్ల మీద పెడతారు. ఆఫీసులో అందరికీ "మా ఆవిడ గొంతు వింటే పాఠం దానంతటదే వచ్చేస్తుంది" అని చెప్పుకుంటారట. అలాంటి మనిషి నోటినుంచి వచ్చింది ఆ మాట. చెడ్డవాడెవడో ఆ మాట అని ఉంటే తిట్టుకుని ఊరుకునేదాన్ని. అన్నది మంచివాడు, అదీ నా బాధ.

ఇల్లు పాతది. పైన పెంకులు. పెంకులంటే నాకు ప్రేమ ఉందనుకునేరు, ఏమీ లేదు. పిల్లి నడిచినా జరుగుతాయి, గాలి కొట్టినా జరుగుతాయి. జరిగిన పెంకుని పొడుగాటి కర్రతో కిందనుంచి సర్దేది నేను. వాన మొదలైతే ఏ చుక్క ఎక్కడ పడుతుందో చూసుకుని, దాని కింద గిన్నె పెట్టేది నేను. ఇల్లంతా అందరిదీ, కారే చోట్లు మాత్రం నావి. ఈసారి వానలకి నా బల్ల పైనే ఒక కొత్త ధార మొదలైంది. రికార్డు చేసే యంత్రాన్ని కొంగుతో కప్పి కాపాడుకున్నాను. అప్పుడు మా ఆయన, "ఇక లాభం లేదు, కప్పు మార్చాల్సిందే" అన్నారు. నాకోసమే మొదలైంది ఈ పని. నన్ను మర్చిపోయి నడుస్తోంది.

టీ ట్రే పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి సభ తీరి ఉంది. మా ఇంట్లో ఒక రివాజు ఉంది. మామగారు బడిపంతులు. ఇంట్లో ఎవరి పెత్తనమూ ఉండకూడదని, ఆదివారం టీ వేళ అందరూ కూచుని, ఇంటి విషయాలు చేతులెత్తి తేల్చుకోవాలని ఆయన పెట్టిన పద్ధతి. ఆయన పోయినా పద్ధతి పోలేదు. తలుపుల రంగు, చిట్టి బడి, పిల్లి పేరు, అన్నీ ఓటు మీదే తేలాయి. వేరే ఊళ్ళో ఉన్నా కలెక్టరు వదినకి ఫోన్లో ఓటుంది. చిట్టికి పదేళ్ళు నిండగానే ఓటు ఇచ్చేశారు. నాకూ ఉంది. కాకపోతే చేతులెత్తే వేళకి నా చేతుల్లో ట్రే ఉంటుంది.

రేకులాయన బల్ల మీద ముక్కలు పరిచాడు. ఎర్ర రేకు, నీలం రేకు, ఆకుపచ్చ రేకు. ఒక్కొక్కదాన్నీ వేలితో టంగుమని మోగించి, "గట్టితనం చూశారా!" అంటున్నాడు.  ఇంత ముక్కే ఇలా మోగితే, ఇల్లంత రేకు మీద వాన కురిస్తే?

"శ్లాబు వేసెయ్యరా, రేపు పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చు," అంది ఫోన్లోంచి కలెక్టరు వదిన.

"గోడలు ఆగవక్కా. మట్టిగోడలు. మొన్న ఇంజనీరు చూసి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు."

"పెంకులే మళ్ళీ పరిపిస్తే?" అంది అత్తయ్య.

"ఏడాదికోసారి సర్దాలమ్మా. ఎవరు చేస్తారు ఆ చాకిరీ?" అన్నారు మా ఆయన.

ఎవరు చేస్తారు అని అడిగారే తప్ప ఎవరు చేశారు అని అడగలేదు. నేను గ్లాసులు అందిస్తున్నాను.

"రేకులైతే వారంలో అయిపోతుంది. మిగిలిన రేకులతో వాకిట్లో కారుకి షెడ్డు కూడా వేయిద్దాం. ఎండకి రంగు పోతోంది, సీట్లు కాలిపోతున్నాయి, స్టీరింగు పట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కుతోంది," అన్నారు మళ్ళీ ఆయనే.

కారు కష్టాలు వినేసరికి అందరి మనసూ కరిగింది. చిట్టి అయితే "పాపం కారు!" అనేసింది. ఆ కారుకి ఓటు లేదు గానీ పలుకుబడి ఉంది.

"సరే, రేకులకి చేతులెత్తండి." ఆయన ఎత్తారు. చిట్టి రెండూ ఎత్తింది. అత్తయ్య మెల్లిగా ఒకటి ఎత్తింది. ఫోను "ఎత్తానురా" అంది. ఆయన నా వైపు చూశారు. నా చేతుల్లో ట్రే, ట్రేలో రేకులాయన ఖాళీ గ్లాసు. "నీదీ మాదేగా," అన్నారు నవ్వుతూ. ఆ నవ్వులో విషం లేదు, నిజంగా ప్రేమే ఉంది. "ఏకగ్రీవం!"

ఆ సాయంత్రం ఆయన మొక్కలకి నీళ్ళు పోస్తుంటే వెళ్ళి నిలబడ్డాను.

"పైన ఎవరూ ఉండరా?"

"ఏంటోయ్?"

"రేకులాయనతో అన్నారుగా. ఎవరూ ఉండరని."

"అయ్యో! ఉండరంటే... రాత్రి పడుకోరు అని నా ఉద్దేశం."

"మరి మీరు ఆఫీసులో పడుకుంటారా?"

ఆయన కాసేపు నిజాయితీగా ఆలోచించి, "భోజనమయ్యాక కాస్త," అన్నారు.

నవ్వొచ్చేసింది. అదే నాకున్న రోగం. కోపం పూర్తిగా పొంగేలోపు ఈయన ఏదో ఒక మాట అని మంట తగ్గించేస్తారు. కానీ ఆవేళ నవ్వుతూనే చెప్పాను. వచ్చే ఏడాది పుస్తకాలన్నీ నాకే ఇస్తామని బడివాళ్ళు అంటున్నారని, గది నిశ్శబ్దంగా ఉంటేనే ఇస్తారని, రేకుల కింద వానాకాలమంతా నోరు విప్పడానికి లేదని.

"ఓస్, ఇంతేనా! హాల్లో కూచుని చదువుకో. ఇల్లంతా నీదేగా."

ఇల్లంతా నాదే. నాకు ఎప్పుడూ ఇదే సమాధానం వస్తుంది. ఇల్లంతా నాదే కాబట్టి ఒక గది నాది కావలసిన అవసరం లేదు. ఓటు అందరిదీ కాబట్టి నా చెయ్యి విడిగా లేవనక్కర్లేదు. ఇంట్లో ఉన్నవన్నీ నావే అని చెప్పినప్పుడల్లా నాకు చేతిలో ఏమీ లేనట్టే అనిపిస్తుంది. ఆ మాట ఆయనకి చెప్పలేదు. ముందు ఆయన చెప్పినట్టే చేసి చూద్దామనుకున్నాను. చెయ్యకుండా కాదంటే, "ఒక్కసారి ప్రయత్నించి చూడొచ్చుగా" అంటారు కదా.

మర్నాడు హాల్లో కూచున్నాను. భూగోళం పాఠం. నది గురించి. "నమస్తే పిల్లలూ. నది కొండల్లో పుట్టినప్పుడు," అన్నానో లేదో కుక్కరు కూసింది. మళ్ళీ మొదలుపెట్టాను. తలుపు కొట్టారు, ఎవరో పక్కింటి అడ్రసు అడిగారు. మళ్ళీ మొదలుపెట్టాను. పిల్లి వచ్చి పుస్తకం మీద పడుకుంది. దాన్ని దించి మొదలుపెడితే అత్తయ్య వంటింట్లోంచి, "అమ్మాయ్, ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావ్?" అంది. ఎప్పుడూ పెట్టే చోటే పెట్టాను. సాయంత్రానికి ఎలాగో పాఠం ఒకటి పూర్తిచేసి పంపించాను. బడివాళ్ళ దగ్గరనుంచి జవాబు వచ్చింది: "మేడమ్, పాఠం బాగుంది. నది పర్వతాలు దాటాక ఎవరో ఉప్పు అడుగుతున్నారు, గమనించగలరు."

చిట్టి దాన్ని గట్టిగా చదివి పడీ పడీ నవ్వింది. మా ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, పుస్తకం తీసుకుని పైకి వెళ్ళి, తలుపేసుకుని కాసేపు ఏడ్చాను. ఎందుకంటే ఆ బడివాళ్ళకి మర్యాద ఉంది కాబట్టి ఒకసారి ఊరుకున్నారు. రెండోసారి ఇంకో గొంతు వెతుక్కుంటారు. వాళ్ళని తప్పుపట్టడానికి లేదు. వినే పిల్లలకి నా ఇంటి కుక్కరుతో ఏం పని?

ఆ పిల్లల్లో ఒక పాప నన్ను "పాఠం అక్కా" అంటుంది. ఒకసారి ఫోన్లో గొంతు పంపింది. "పాఠం అక్కా, మీరు వాన పడుతున్నప్పుడు చదివారు చూడండి, ఆ పాఠం నాకు మొత్తం గుర్తుంది. మీ ఇంట్లో వాన చాలా మెల్లిగా పడుతుందా?" పెంకుల మీద వాన అంతే, దూరంగా ఎవరో చాటలో గింజలు చెరుగుతున్నట్టు వినబడుతుంది. నా వెనక ఆ వాన ఉందని నాకు తెలియను కూడా తెలియదు. ఆ పిల్ల విని చెప్పింది. మా ఇంట్లో నేనున్న గదిని ఆ కళ్ళు లేని పిల్ల చూసింది.

రెండ్రోజుల తర్వాత రేకులాయన మనుషులు వచ్చి, నా బల్ల పైన ధార కట్టేచోట పెంకులు తీసి, తాత్కాలికంగా రెండు రేకులు కప్పి వెళ్ళారు. "మొత్తం పని మొదలయ్యేలోపు తడవకుండా ఉంటుంది," అన్నారు. నిజమే, తడవలేదు. మధ్యాహ్నం వాన వచ్చింది. నేను ఉప్పు కలిసిన నదిని మళ్ళీ మొదటినుంచి చదువుతున్నాను. కుర్ర నది రాళ్ళ మీదనుంచి దూకింది. వయసొచ్చిన నది మైదానంలోకి వచ్చింది. "ఇక నదికి ముసలితనం వచ్చాక," అన్నాను, అంతే. నెత్తి మీద డప్పులు మొదలయ్యాయి. నా గొంతు నాకే వినపడలేదు. గొంతు పెంచాను. వాన ఇంకా పెంచింది. దానితో నేను పోటీ పడలేక యంత్రం ఆపేసి, చెవులు మూసుకుని కాసేపు కూచుని, దిగి వెళ్ళిపోదామని తలుపు తీశాను.

కింది మెట్టు మీద అత్తయ్య కూచుని ఉంది. ఒళ్ళో మడతపెట్టాల్సిన బట్టలు. నాకు తెలిసి ఆవిడ రోజూ మధ్యాహ్నం అక్కడే కూచుని బట్టలు మడతపెడుతుంది. గాలి తగులుతుందని కాబోలు అనుకునేదాన్ని. ఇంకా నిజం చెప్పాలంటే, నేను పైన చదువుతున్నానో పడుకున్నానో కనిపెట్టడానికని అనుకునేదాన్ని.

తల ఎత్తి నావైపు చూసింది. కళ్ళలో పొర వచ్చాక ఆవిడ మనిషిని కాస్త పక్కగా చూస్తుంది. "ఆపేశావేం?" అంది.

"ఏది?"

"అదేనే, ఆ నది. ముసలిదయ్యాక ఏమవుతుంది?"

నేను మెట్ల మధ్యలో నిలబడిపోయాను. "మీరు వింటున్నారా అత్తయ్యా?"

"వినక? పేపరు కనపడి ఎన్నాళ్ళయింది నాకు! టీవీలో వాళ్ళ అరుపులు నా వల్ల కాదు. నువ్వు చదువుతుంటే హాయిగా ఉంటుంది. కప్ప గుండెకి ఎన్ని గదులో చెప్పనా?"

 ఎన్నాళ్ళుగానో నా పాఠాలకి మా ఇంట్లోనే ఒక విద్యార్థిని ఉంది. అదీ నాకు తెలియదు. సంతోషమూ వచ్చింది, ఉక్రోషమూ వచ్చింది. "మరి రేకులకి చెయ్యి ఎత్తారుగా? మీకు తెలుసు కదా నేను పైనే ఉంటానని!"

"నువ్వు నోరు మెదిపావా? అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, నేను అత్తనైతిని." అత్తయ్య ఒక చొక్కా తీసి మడతపెట్టింది, చేతులు తడుముకుంటూ. తర్వాత గొంతు తగ్గించింది. "మీ మామగారు గొప్ప న్యాయంగా ఓట్లు పెట్టేవారు. ఆయన 'చేతులెత్తండి' అనేసరికి నేను వంటింటి గుమ్మంలో ఉండేదాన్ని, చేతిలో గరిటె ఉండేది. ఆ గరిటెని కూడా ఓటు కింద లెక్కేసేవారు. ఈ ఇంట్లో నేను ఒప్పుకున్నవన్నీ ఆ గరిటె ఒప్పుకున్నవే."

"ఒక్కసారీ కాదనలేదా?"

"కాదనాలంటే గరిటె కింద పెట్టాలిగా. కూర మాడిపోతుందని పెట్టలేదు."  రేకుల మీద వాన మోగుతూనే ఉంది. "ఇంతకీ ఆ ముసలి నది ఏమైందో చెప్పు," అంది.

ఆవిడ పక్కన కూచుని చెప్పాను. తొందర తగ్గుతుంది అత్తయ్యా, ఎత్తునుంచి దూకడాలు ఉండవు, వంకర్లు తిరుగుతూ మెల్లగా నడుస్తుంది, ఇన్నాళ్ళూ మోసుకొచ్చిన మట్టినంతా సముద్రం దగ్గర దించేస్తుంది, ఆ మట్టిలో పంటలు బాగా పండుతాయి అని. ఆవిడ అంతా విని, "దించేస్తుందన్నమాట," అంది. 

మర్నాడు రేకులాయనకి నేనే ఫోన్ చేశాను. చప్పుడు రాని పైకప్పు ఏముందని అడిగాను. "ఆ మాట ఎవరూ అడగరమ్మా. కారుతుందా, ఎన్నాళ్ళుంటుంది, ఏ రంగు బాగుంటుంది, ఇవే అడుగుతారు," అన్నాడు. రేకు కింద దూదిలాంటి పొర పెట్టొచ్చట, చప్పుడు సగం తగ్గుతుందట. సగం నాకు చాలదన్నాను. అయితే వాసాల మీద చెక్క పలకలు దగ్గరగా పరిచి, వాటి మీద తడి దిగని పొర వేసి, ఆపైన పెంకులు పేర్చుకోవాలన్నాడు. పెంకు ఒకటి జరిగినా నీళ్ళు లోపలికి రావు, ఏడాదికోసారి కర్ర పట్టుకోనక్కర్లేదు. "కాకపోతే ఖర్చెక్కువ, రోజులెక్కువ, నాకు రేకుల అమ్మకం పోతుంది," అని నవ్వాడు. ఖర్చుకి నా జీతం ఉంది. అది ఇన్నాళ్ళూ ఇంట్లో ఏ సందులోంచి వెళ్ళిపోయేదో ఎవరూ చూడలేదు గానీ, ఉండటం ఉంది. అదీ చాలకపోతే కారు షెడ్డు మానెయ్యాలి.

ఆదివారం వచ్చింది. టీ వేళ అయింది. నేను పొయ్యి వెలిగించలేదు.

"ఏమోయ్, టీ ఏదీ?" అన్నారు మా ఆయన.

"చెయ్యలేదు. ఈవేళ సభ పైన. అందరూ రండి."

ఆయనకి అర్థం కాలేదు గానీ లేచారు. అత్తయ్య నా భుజం పట్టుకుని, మోకాళ్ళని తిట్టుకుంటూ, ఒక్కో మెట్టూ ఎక్కింది. ఆవిడ ఆ గదిలోకి రావడం నేను వచ్చాక అదే మొదటిసారి. నా కుర్చీలో కూచోబెట్టాను. మా ఆయన గుమ్మంలోనే వాసానికి తల కొట్టుకుని, "చెప్పానా, పగ!" అన్నారు. ఆయన్ని పాత మంచం మీద కూచోమన్నాను. కలెక్టరు వదినని ఫోన్లో బల్ల మీద పెట్టాను. చిట్టిని మాత్రం కిందనే ఉంచాను, మొక్కలకి నీళ్ళు పోసే గొట్టం చేతికిచ్చి.

పుస్తకం తెరిచి నది పాఠం మొదలుపెట్టాను. ఎవరూ కదల్లేదు. గుడ్ల అట్టల మధ్య నా గొంతు నాకు అలవాటైనట్టే ఉంది. వాళ్ళకే కొత్త. మా ఆయన నోరు తెరుచుకుని వింటున్నారు. పటం దగ్గరికి వచ్చేసరికి, కొండ ఎక్కడుందో నేను చెబుతుంటే, ఆయన వేలు తెలియకుండానే మోకాలి మీద ఆ దారి గీస్తోంది.

"ఇక నదికి ముసలితనం వచ్చాక," అని, కిటికీలోంచి చెయ్యి ఊపాను.

చిట్టి గొట్టం ఎత్తి రేకుల మీద నీళ్ళు కొట్టింది. ఒక్కసారిగా గదంతా దద్దరిల్లింది. అత్తయ్య చెవులు మూసుకుంది. ఫోన్లోంచి వదిన, "ఏం కూలిందిరా? ఏం కూలింది?" అని అరిచింది. నేను ఆగలేదు. చదువుతూనే ఉన్నాను. నా పెదాలు కదలడం ఆయనకి కనపడుతోంది, మాట ఒక్కటీ వినపడటం లేదు. ఆయన ముఖంలో నవ్వు మెల్లగా పోయింది. లేచి, ఈసారి తల వంచుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి, "చాలు చిట్టీ, ఆపు," అన్నారు.

నీళ్ళు ఆగాయి. చూరునుంచి చుక్కలు పడుతున్నాయి.

"నీ గొంతు ఇలా ఉంటుందని నాకు తెలియదు," అన్నారాయన.

"ఆఫీసులో అందరికీ చెబుతారటగా."

"చెబుతాను. వినలేదు."

ఆ మాటకి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాపం, ఆయనకి తెలిసిన నా గొంతు వేరు. నీళ్ళు వచ్చాయి, పాలు అయిపోయాయి, చిట్టికి ఫీజు కట్టాలి, తువ్వాలు మంచం మీద పడెయ్యకండి. ఇన్నేళ్ళు ఆ గొంతుతోనే కాపురం చేశారు. అదీ నాదే, కాదనను. కానీ అదొక్కటే నాది కాదు.

చెక్క పలకలు, తడి ఆపే పొర, ఆపైన పెంకులు. అంతా చెప్పాను. రేకులు వద్దన్నాను. కారు షెడ్డు ఇప్పట్లో లేదన్నాను.

"అయితే సరే, మళ్ళీ ఓటు పెట్టండి. చేతులెత్తండి," అంది కలెక్టరు వదిన ఫోన్లోంచి.

ఆయన చెయ్యి సగం లేచింది. అత్తయ్య చెయ్యి అప్పటికే పూర్తిగా లేచింది, గరిటె లేకుండా. నాకు ఆ చేతుల్ని చూస్తే ప్రేమ పొంగింది. గెలుస్తానని తెలుసు. ఏకగ్రీవమే. అయినా చెప్పాను.

"దించండి. దీనికి ఓటు లేదు వదినా. మీరు చేతులెత్తితే దక్కి, దించితే పోయే గది కాదిది. నేను పనిచేసే చోటు. అడగటం లేదు, చెబుతున్నాను."

 "మరి నేనెందుకు ఫోన్లో ఉన్నాను?" అంది వదిన.

"కారు షెడ్డు గురించి ఎప్పుడైనా ఓటు పెడితే పిలుస్తాంలే అక్కా," అన్నారు మా ఆయన. నావైపు తిరిగి, "అప్పటిదాకా దానికి గొడుగు నేను పడతాను," అన్నారు. దిగుతూ వాసానికి మళ్ళీ తల కొట్టుకున్నారు. కింద వంటింట్లో గిన్నెల చప్పుడు వినపడింది. టీ పొడి ఎక్కడుందని ఎవరినీ అడగలేదు. వెతుక్కున్నారు. చాలాసేపు పట్టింది. ఆ టీ చిరుచేదుగా ఉంది, అందరం తాగాం.

పని మొదలయ్యే రోజు పొద్దున్నే పనివాళ్ళు వచ్చి వాకిట్లో పలకలు దించారు. పెంకులు విప్పే ముందు కిందనుంచి కేక వెయ్యడం వాళ్ళ పద్ధతట, జారిన పెంకు ఎవరి నెత్తినైనా పడుతుందని. నేను నది పాఠం చివరి పేజీలో ఉన్నాను. మట్టి దించేసిన నది ఇంకా సముద్రంలో కలవలేదు. కిందిమెట్టు మీద అత్తయ్య ఉంది.

"పైన ఎవరైనా ఉన్నారా?" అని కేకేశాడు నిచ్చెన మీది మనిషి.

వాకిట్లో మా ఆయన ఉన్నారు. ఆయన నోరు తెరవడం నాకు కిటికీలోంచి కనిపించింది. తెరిచి, మూసి, నా కిటికీ వైపు తలెత్తి చూశారు.

"ఉన్నాను," అన్నాను. "పాఠం అయిపోవస్తోంది. కాసేపు ఆగండి."

ఆగారు.